సర్వర్ బిగుసుకుపోతే: రీస్టార్ట్ మేలా, రెండు నిమిషాలు ఆగడం మేలా?

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీలో ఉండే తమ్ముడొకడు ఇంటి పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. సైట్‌ను తీరిక దొరికినప్పుడు నేనే చూస్తుంటాను. ఉగాది ముందు వారం, రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. “అన్నా, పేజీ తిరుగుతూనే ఉంది, ఎర్రర్ కూడా రావట్లేదు. రీస్టార్ట్ కొట్టెయ్యనా?”

“రెండు నిమిషాలు ఆగరా” అన్నాను.

రీస్టార్ట్‌ను తక్కువ చేయను. ఆర్డర్లు ఆగిపోయినప్పుడు అంత త్వరగా పనిచేసే మందు ఇంకోటి లేదు. కాకపోతే ఇరుక్కున్న ప్రాసెస్‌లతో పాటు అవి ఎక్కడ ఇరుక్కున్నాయో చెప్పే ఆధారమూ పోతుంది. అంతకుముందు రెండుసార్లు వాడు చేసింది అదే. పావుగంట బాగా నడిచి, మళ్ళీ మొదటికొచ్చింది.

వర్కర్లను, అంటే ఒక్కొక్కటీ ఒక రిక్వెస్ట్ చూసుకునే ప్రాసెస్‌లను పెంచుదామా అంటే, మా వెబ్ సర్వర్ అపాచీలో, ప్రీఫోర్క్ పద్ధతిలో వాటి పైహద్దు (మాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్) మామూలుగా 256. ఒక్కో ప్రాసెస్ 50 ఎంబీ తిన్నా అది దాదాపు 13 జీబీ. మాది 4 జీబీ మెషిన్, అందుకే 40 దగ్గర ఆపాం. పెంచితే మెమరీ చాలక స్వాప్‌లోకి, అంటే నెమ్మదైన డిస్క్ మీదికి జారుతుంది. తప్పు డేటాబేస్‌దైతే మూలిగే నక్క మీద తాటిపండే.

అపాచీ ముందు ఇంజిన్ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌ను పెట్టడం మాత్రం మంచి ఆలోచన. సిగ్నల్ సరిగా లేని ఫోన్లు పేజీని నెమ్మదిగా లాగుతుంటే ఆ భారం అది మోస్తుంది, వెనక వర్కర్ ఖాళీ అవుతాడు. కానీ వెనక నుంచి జవాబే రాకపోతే? 60 సెకన్లు చూసి 504 (సమయానికి జవాబు రాలేదనే ఎర్రర్) చూపిస్తుంది. తిరిగే చక్రం పోయి ఎర్రర్ వస్తుంది, అంతే.

అందుకే నా ఓటు ఆ రెండు నిమిషాలకు.

ముందు టాప్ (ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ తింటోందో చూపే కమాండ్) చూశాం. సీపీయూ దాదాపు ఖాళీ. అంటే సర్వర్ పని ఎక్కువై అలసిపోలేదు, దేనికోసమో కాచుకుని ఉంది. దర్శినిలో (నిలబడి తినే బెంగళూరు టిఫిన్ హోటల్లో) వంటవాళ్ళు ఖాళీగా ఉన్నా, చట్నీ రాలేదని కౌంటర్ దగ్గర అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడితే వెనక లైన్ కదలదు కదా, అలాగన్నమాట. చిన్న లోగో బొమ్మ అడిగినా రాలేదు. వర్కర్లన్నీ నిండిపోయాయని అక్కడే అర్థమైంది. ఏ వర్కర్ ఏం చేస్తోందో చూపే అపాచీ స్టేటస్ పేజీ తెరుద్దామంటే అదీ ఆ క్యూలోనే నిలబడింది! (అవసరమైనప్పుడే తెరుచుకోదు ఆ పేజీ.) మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్‌లిస్ట్ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చెప్పే జాబితా) అడిగితే కనెక్షన్లన్నీ నిద్రలో ఉన్నాయి, డేటాబేస్ తప్పేమీ లేదు. చివరికి ఒక వర్కర్ ప్రాసెస్ మీద స్ట్రేస్ (అది ఆ క్షణంలో ఏం చేస్తోందో చూపే పనిముట్టు) పెట్టాం. కొరియర్ చార్జీ చెప్పే బయటి సర్వీసుకు కనెక్టయి, జవాబు కోసం చూస్తోంది. ఇంకో రెండు చూశాం, అవీ అంతే.

“పీహెచ్‌పీకి 30 సెకన్ల హద్దు ఉంది కదన్నా?”

ఉంది. సైట్ రాసిన పీహెచ్‌పీ భాష ఒక్కో పేజీకి ఇచ్చే గడువది. కానీ మా సర్వర్ నడిచే లైనక్స్‌లో బయటి జవాబు కోసం కాచుకున్న సమయం ఆ లెక్కలోకి రాదు. కోడ్‌లో బయటి సర్వీసును అడిగే కర్ల్‌కు టైమౌట్ (ఎంతసేపు ఆగాలన్న హద్దు) పెట్టలేదు. పెట్టకపోతే దానికి సున్నా, అంటే హద్దే లేదు. ఆ కోడ్ రాసింది నేనే, ఆ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.

చూసినదంతా ఒక ఫైల్‌లో దాచుకుని, అప్పుడు కొట్టమన్నాను రీస్టార్ట్. సైట్ లేచింది. పడుకునేలోపు మూడు సెకన్ల టైమౌట్ పెట్టి, జవాబు రాకపోతే మామూలు చార్జీ చూపించేలా మార్చాను. ఇంజిన్ఎక్స్ పని పండగ తర్వాత.