సముద్రం వైపు తలుపుకి వర్టికల్ బ్లైండ్స్: మూడేళ్ళు వాడాక

భీమిలి దగ్గర మాకో చిన్న ఫ్లాట్ ఉంది. సెలవులకి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన ఇస్తాం. హాల్లో 8 అడుగుల స్లైడింగ్ అద్దాల తలుపు, ఎదురుగా సముద్రం. దానికి వర్టికల్ బ్లైండ్స్, అంటే పైనుంచి నిలువుగా వేలాడే పట్టీల తెర, పెట్టించిన కొత్తలో, మీరూ ఇవే పెట్టించుకోండని ఇద్దరు స్నేహితులకి గట్టిగా చెప్పాను. పట్టీలు కాస్త తిప్పితే పొద్దెక్కాక ఎండ ముఖాన పడదు, కెరటాలు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. ఆ సుఖం ఇప్పటికీ కాదనను.

కాకపోతే అది తలుపు మూసి, ఏసీ వేసుకుని మేమున్న నాలుగు రోజుల మాట. సముద్రం కోసం వచ్చినవాళ్ళు తలుపు తీసే ఉంచుతారు. ఇక గాలికి 28 పట్టీలూ రాత్రంతా టపటపా కొట్టుకుంటాయి. పిల్లలు వాటి మధ్యలోంచే దూరి బాల్కనీలోకి పరిగెడతారు. పైన ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయి, కింద పట్టీలను కలిపే సన్న గొలుసు తెగుతుంది. "అమ్మా, మళ్ళీ రెండు ఊడాయి" అని ఇల్లు చూసుకునే ఆమె నెలకోసారైనా ఫోన్ చేసేది.

ఇవన్నీ భరించాను. భరించలేనిది పక్కన వేలాడే పూసల చెయిన్. పట్టీలు తిప్పడానికి దాన్నే లాగాలి. పోయిన వేసవిలో ఒక కుటుంబం మూడేళ్ళ పాపతో వచ్చింది. తల్లి వంటగదిలో పాలు కాస్తోంది. పాప సోఫా ఎక్కి, ఆ చెయిన్‌ని దండలా మెడలో వేసుకుంది. కిందికి దూకబోతుండగా తండ్రి చూసి ఎత్తుకున్నాడు. ఏమీ కాలేదు. ఆయన నాతో కోపంగా కూడా మాట్లాడలేదు, "అది తీయించండి మేడమ్" అన్నాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే వెళ్ళి చూశాను. చెయిన్ కింది కొసని గోడకి బిగించే క్లిప్ ఒకటి ఉంటుంది. అది బిగిస్తే చెయిన్ వదులుగా వేలాడదు. అమర్చిన అతను దాన్ని బిగించనే లేదు. కవరు కూడా విప్పని క్లిప్ మా సొరుగులోనే దొరికింది. అమెరికాలో ఉన్న మా చెల్లికి చెబితే, అక్కడ దుకాణాల్లో రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్స్‌కి పిల్లలకి అందేలా పొడుగు తాళ్ళు ఉండకూడదని 2018లోనే ప్రమాణం వచ్చిందంది. మూడేళ్ళపాటు నాకు ఈ ఆలోచనే రాలేదు.

హాల్లో బ్లైండ్స్ తీయించి, అల్యూమినియం ట్రాక్ మీద చేత్తో జరిపే కర్టెన్లు వేయించాను. ముందు పల్చని నెట్, వెనక మందపాటి కాటన్. మే నెలలో ఐదున్నరకల్లా సూర్యుడు ఎదురుగా నిలబడతాడు కాబట్టి వెలుతురు రానివ్వని బ్లాక్‌అవుట్ లైనింగ్ విడిగా కుట్టించాను. కర్టెన్‌కే వెలుతురు ఆపే పూత ఉన్న రకం మెషిన్‌లో ఉతికితే పగుళ్ళు రావచ్చు. వానాకాలంలో కాటన్‌కి చెమ్మ వాసన పడుతుంది, తరచూ ఆరేయాలి. సముద్రం కనబడాలంటే మొత్తం పక్కకి లాగాలి, ఆ విషయంలో బ్లైండ్సే మేలు.

సొంతంగా ఉండే ఇల్లయితే, చిన్నపిల్లలు లేకపోతే, నేనూ బ్లైండ్స్ ఉంచుకునేదాన్నేమో. రోడ్డు వైపు బెడ్‌రూమ్‌లో అవే ఉన్నాయి, క్లిప్ బిగించి. అయినా బుకింగ్ వచ్చినప్పుడల్లా పిల్లల వయసెంతని అడుగుతూనే ఉన్నాను.