యంత్రం మొరాయిస్తే నెపం ఎవరి మీద: గ్రెమ్లినా, మర్ఫీనా?

గ్రెమ్లిన్ బ్రిటిష్ వైమానిక దళంలో పుట్టిన కొంటె దెయ్యం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో దూరి వైర్లు కొరికేస్తుందని, పెట్రోల్ తాగేస్తుందని పైలట్లు చెప్పుకునేవారు. మర్ఫీ నిజమైన ఇంజనీరు. 1949లో అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, పట్టాల మీద దూసుకెళ్లే రాకెట్ బండి పరీక్షకు సెన్సార్లన్నీ తిరగేసి బిగించడంతో రీడింగే రాలేదట, 'తప్పు జరిగే వీలుంటే జరిగి తీరుతుంది' అన్న మాట ఆ చిరాకులోంచే పుట్టిందంటారు.

ఖర్చు: ఇద్దరికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: గ్రెమ్లిన్‌కి కథ చాలు. మర్ఫీని నమ్మితే ప్రతి కనెక్షన్ ముందే చూసుకోవాలి.

రిస్క్: గ్రెమ్లిన్ వల్ల మెకానిక్ మీద నింద పడదు, టీమ్‌లో గొడవ రాదు, కానీ అసలు లోపం అలాగే ఉండిపోతుంది, నా భయమంతా అదే.

అర్ధరాత్రి సర్వర్ పడిపోయి అందరూ టెన్షన్‌లో ఉంటే గ్రెమ్లిన్‌నే తలుచుకోండి. తెల్లారి కారణం వెతికేటప్పుడు, కొత్త డిజైన్ గీసేటప్పుడు మాత్రం మర్ఫీయే.