వాల్వ్ యాంప్లిఫైర్ బల్ల మీద ఎనిమిదేళ్లు: ఫ్లూక్ 17బి ప్లస్, దాని పక్కన ఇంకో రెండు మీటర్లు

నేను ఇంజినీర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా. తెనాలిలో మా బాబాయికి మైక్ సెట్ ఉండేది. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ వెళ్లొచ్చిన యాంప్లిఫైర్ల మూత విప్పి ఆయన పని చేస్తుంటే టార్చిలైటు పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ణి. ఆ పిచ్చి పోలేదు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు మాత్రం పాత వాల్వ్ రేడియోలు (ట్రాన్సిస్టర్ల బదులు వేడెక్కే గాజు గొట్టాలతో పనిచేసేవి), మైక్ సెట్ యాంప్లిఫైర్లు, చర్చిల్లో వాయించే కుర్రాళ్లు తెచ్చే గిటార్ యాంప్లిఫైర్లు ముందేసుకుని కూర్చుంటాను. ఈ పనికి వోల్టులూ ఓమ్‌లూ కొలిచే మల్టీమీటరు ఏది కొనమంటావు అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇదిగో రాసి పెడుతున్నాను.

నా మొదటి మీటరు పసుపు రంగు డీటీ-830. కోఠీ గుజరాతీ గల్లీలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఎవరు చేశారో దాని మీద ఉండదు. ఇంట్లో స్విచ్చులకీ బ్యాటరీలకీ బాగానే పనికొచ్చింది. ఓసారి రెండు ఈఎల్34 వాల్వులున్న గిటార్ యాంప్లిఫైర్ వచ్చింది. కొత్త వాల్వులు వేశాక బయాస్, అంటే వాల్వు ఎంత కరెంటు లాగాలో అదుపు చేసే మైనస్ వోల్టేజీ, సెట్ చెయ్యాలి. హెచ్‌టీ, అంటే వాల్వు ప్లేటుకి వెళ్లే పెద్ద డీసీ వోల్టేజీ, 450 వోల్టులు. బయాస్ అందుకునే గ్రిడ్ మీద మైనస్ 45 ఉండాలి. ఎర్ర వైరు గ్రిడ్ ఉండే ఐదో పిన్ను మీద పెట్టాను. మీటరు మైనస్ 37 చూపించింది. అదేంటి తక్కువుంది అనుకుంటూ స్క్రూడ్రైవర్ కోసం తల తిప్పితే, నేను తాకిన వాల్వు లోపలి ప్లేటు రేకు మధ్యలో చింతగింజంత ఎర్రమచ్చ! కంగారుపడి మీటరులో మైనస్ 45 వచ్చేదాకా బయాస్ సర్దే చిన్న ప్రీసెట్ స్క్రూ తిప్పాను. మచ్చ చల్లారింది. హమ్మయ్య అనుకుని మూత బిగించి ఇచ్చేశాను. వారం తిరక్కుండా ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. "అన్నా, రేకు డబ్బాలో మూతి పెట్టి పాడినట్టుంది సౌండు" అన్నాడు.

ఏం జరిగిందో బుర్రకెక్కడానికి నాకు చాలా రోజులే పట్టింది. డీటీ-830 ఇన్‌పుట్ రెసిస్టెన్స్, అంటే కొలిచే చోట మీటరే అడ్డంగా పెట్టే రెసిస్టెన్స్, 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు). ఆ గ్రిడ్‌కి బయాస్ వచ్చేది 220 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ గుండా. మీటరు తగిలించగానే అవి రెండూ కలిసి ఉన్న వోల్టేజీని పంచుకున్నాయి. 45ని 1.22తో భాగించి చూడండి, 37 వస్తుంది. మీటరు అబద్ధమాడలేదు పాపం, ప్రోబ్ పెట్టిన క్షణం నుంచి అక్కడున్నది అంతే. బయాస్ 8 వోల్టులు పడిపోయేసరికి వాల్వు ఎక్కువ కరెంటు లాగి ఎర్రబడింది. నేను తిప్పి తిప్పి 45కి తెచ్చాక ప్రోబ్ తీసేసరికి అసలు బయాస్ 55 దగ్గర కూర్చుంది. కరెంటు సరిపడా పారక సౌండు చచ్చిపోయింది. 10 మెగోమ్‌ల మీటరైతే అదే చోట 44 చూపించి ఊరుకునేది, వాల్వుకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఆ యాంప్లిఫైర్‌ని ఊరికే మళ్లీ సరిచేసి ఇచ్చి, ఆ నెల జీతంలోంచి ఫ్లూక్ 17బి ప్లస్ కొన్నాను. పదివేలకి కాస్త అటూ ఇటూగా పడింది. ఇంట్లో ఎంతకి కొన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు.

అందరూ మెచ్చుకునే ఫ్లూక్ 117 ఎందుకు కొనలేదని అడుగుతారు. అది కరెంటు పనివాళ్లకి చేసిన మంచి మీటరు, ట్రూ ఆర్‌ఎంఎస్ (వేవ్ ఆకారం చెడినా ఏసీని సరిగ్గా కొలవడం) కూడా ఉంది. కానీ దాని పరిమితి 600 వోల్టులు, మిల్లీ యాంపియర్ల రేంజి లేదు. రేడియోల వరకూ 600 ధారాళం. పెద్ద గిటార్ యాంప్లిఫైర్లలో హెచ్‌టీ 480, 500 మామూలే. ఏసీని డీసీగా మార్చడానికి సిలికాన్ డయోడ్ల రెక్టిఫైర్ ఉంటే, వాల్వులు ఇంకా వేడెక్కక కరెంటు లాగని ఆ మొదటి అరనిమిషంలో అది ఇంకా పైకి పోతుంది. ఆంపెగ్ ఎస్‌వీటీ లాంటి బేస్ యాంప్లిఫైర్లలో 700 దాకా ఉంటుంది. ఫ్లూక్ 87-5 అన్నిటికీ సరిపోతుంది గానీ ఆ ధరకి నేను రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించుకుంటాను. 17బి ప్లస్‌లో ఏసీ, డీసీ రెండూ 1000 వోల్టుల దాకా ఉన్నాయి, ఇన్‌పుట్ 10 మెగోమ్‌ల పైన, లోపల ఫ్యూజులు రెండూ 1000 వోల్టులవి. నాకు కావాల్సింది అంతే.

వోల్టేజీ పరిమితి దగ్గర ఒక చిక్కుంది. పాట లేనప్పుడు ఉండే స్టాండింగ్ డీసీ కొలవడం వేరు, పాట మోగుతుండగా ప్లేటు మీద ప్రోబ్ పెట్టడం వేరు. రెండు వాల్వులు వంతులవారీగా లాగే పుష్‌పుల్‌లో ఫుల్ సిగ్నల్ ఉన్నప్పుడు ప్లేటు దాదాపు హెచ్‌టీకి రెట్టింపు దాకా ఎగురుతుంది. 450 హెచ్‌టీ అంటే 900. స్పీకరు వైరు ఊడిపోయి ఉంటే ఇక దాని పైకి ఎంతపోతుందో చెప్పలేం. అందుకని ప్లేటు మీద ఏసీ నేను కొలవనే కొలవను. మీటరు మీద ఎంత రాసి ఉన్నా సరే.

బయాస్ పద్ధతి కూడా ఆ దెబ్బతో మార్చేశాను. ప్రతి వాల్వు క్యాథోడ్‌కీ (వాల్వు కరెంటంతా పారే కాలు) భూమికీ మధ్య 10 ఓమ్‌ల, ఒక శాతం రెసిస్టెన్స్ ఒకటి పెడతాను. 35 మిల్లీ యాంపియర్లు పారితే దాని మీద 0.350 వోల్టు కనిపిస్తుంది. 450 వోల్టుల దగ్గర అది సుమారు 15.8 వాట్లు. ఈఎల్34 ప్లేటు 25 వాట్లు తట్టుకుంటుంది, కాబట్టి అందులో 63 శాతం దగ్గరే హాయిగా ఉంటుంది. నిక్కచ్చిగా చెప్పాలంటే అందులో స్క్రీన్ (వాల్వులోని ఇంకో జాలీ) లాగే కరెంటు కూడా కలిసే ఉంటుంది, ప్లేటు మీద పడేది ఇంకాస్త తక్కువే. చాలామంది 1 ఓమ్ పెట్టి మిల్లీ వోల్టుల్లో చదువుతారు. మంచి పద్ధతే. నాకు 10 నచ్చడానికి కారణం మీటరుని మామూలు వోల్టుల స్థానంలోనే ఉంచి చదవొచ్చు. వాల్వు లోపల షార్ట్ అయితే ఆ చిన్న రెసిస్టెన్స్ మాడిపోతుంది, అప్పుడు క్యాథోడ్ మీదకి వందల వోల్టులు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ క్షణంలో మీటరు మిల్లీ వోల్టుల మీద ఉండకూడదని నా భయం. నాకు ఒకసారి జరిగింది, పాత బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఈఎల్84 వాల్వుతో. టప్ మని శబ్దం, మీటరులో 300 పైచిలుకు. మీటరుకి ఏమీ కాలేదు. నా గుండె మాత్రం కాసేపు కొట్టుకుంది.

ఇక 17బి ప్లస్‌లో నచ్చనివి. ఇది ట్రూ ఆర్‌ఎంఎస్ కాదు. కరెంటు వేవ్ నలిగిపోయి వచ్చే మన అపార్ట్‌మెంట్లలో ఏసీ రీడింగు ఒకటి రెండు వోల్టులు తేడా ఉంటుంది, అది పట్టించుకోను. ఏసీ వోల్టులకి ఇచ్చిన భరోసా 40 నుంచి 500 హెర్ట్జ్ వరకే. యాంప్లిఫైర్ ఎన్ని వాట్లిస్తుందో చూడ్డానికి అందరూ 1000 హెర్ట్జ్ టోన్ పెడతారు. నేను 400 పెడతాను. స్పీకరు బదులు పెట్టే 8 ఓమ్‌ల డమ్మీ లోడు మీద 12 వోల్టులు వస్తే 18 వాట్లు. అదీ సైన్ వేవ్ శుభ్రంగా ఉన్నంతవరకే. పైభాగం నరుక్కుపోవడం మొదలయ్యాక ఈ మీటరు చెప్పేది నమ్మొద్దు. రెండోది, 20 నిమిషాలకి తనంతట తనే ఆఫ్ అయిపోతుంది. బయాస్ స్థిరపడుతోందా లేదా అని అరగంట చూస్తూ కూర్చునేవాడికి ఇది ఎంత చిరాకో! పసుపు బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే అలా ఆఫ్ అవ్వడం ఆగుతుంది. ఆ సంగతి నాకు మూడో ఏట తెలిసింది, మాన్యువల్ చదివితేగా. మూడోది ఆటో రేంజి. 0 నుంచి 400 వోల్టులకి దూకేటప్పుడు ఒక సెకను ఆలోచిస్తుంది. హెచ్‌టీ ఉన్నచోట ప్రోబ్ పట్టుకుని సెకను ఆగడం నాకిష్టం లేదు, రేంజి బటన్‌తో ముందే బిగించేస్తాను.

కండెన్సర్ కొలిచే సదుపాయం ఉంది, 1000 మైక్రోఫారడ్‌ల దాకా. అది చూసి మోసపోకండి. హెచ్‌టీని నునుపు చేసే 47 మైక్రోఫారడ్‌ల పాత ఫిల్టర్ కండెన్సర్ మీటరు మీద 50 చూపిస్తూనే, 400 వోల్టులు పడేసరికి లీకై వేడెక్కిపోవచ్చు. మీటరు దాన్ని కొలిచేది ఒకటి రెండు వోల్టుల దగ్గర. మరమ్మతులో ఈ ఫంక్షన్ మీద ఆధారపడ్డ రెండుసార్లూ స్పీకర్లో హమ్ మోత అలాగే ఉండిపోయింది.

పాటని తర్వాతి వాల్వు గ్రిడ్‌కి పంపి డీసీని ఆపే కప్లింగ్ కండెన్సర్ లీకేజీ పట్టుకోవడంలో మాత్రం 10 మెగోమ్‌ల విలువ తెలుస్తుంది. గ్రిడ్ దగ్గర 1 మెగోమ్ రెసిస్టెన్స్ ఉండి, కండెన్సర్ లీకై అక్కడ 1 వోల్టు పాజిటివ్ వచ్చిందనుకోండి. 17బి ప్లస్ 0.9 చూపిస్తుంది. డీటీ-830 సగమే చూపిస్తుంది. బాబాయి ముల్లు మీటరు వోల్టుకి 20 కిలో ఓమ్‌లది, 10 వోల్టుల రేంజిలో మొత్తం 200 కిలో ఓమ్‌లే అవుతుంది. దాంట్లో ముల్లు 0.17 దగ్గర, అంటే సున్నా గీతకి ఆనుకుని నిలబడుతుంది. అనుభవం లేనివాడు చూస్తే కండెన్సర్ బాగుందనే అంటాడు. బాబాయికి ఇది తెలుసు. అనుమానమొస్తే ఆయన కొలిచేవాడే కాదు, గ్రిడ్ వైపు కాలు విప్పేసి కొత్తది పెట్టేవాడు.

అలాగని ఆ ముల్లు మీటరుని పారేయలేదు. నా బల్ల మీద దానిది రెండో స్థానం. హెచ్‌టీకి తగిలించి వదిలేస్తే, స్విచ్ వేసినప్పుడు ముల్లు ఎంత వేగంగా లేస్తోంది, ఎక్కడ తడబడుతోంది, ఆపాక ఎంత నెమ్మదిగా పడుతోంది అన్నది ఓరకంటితో చూస్తే చాలు. అంకెలు ఇది చెప్పలేవు. 250 వోల్టుల రేంజిలో అది 5 మెగోమ్‌లు, సర్క్యూట్‌కి పెద్ద బరువేం కాదు. ఆ పసుపు డీటీ-830ని కూడా ఉంచాను, వాల్వుని వేడెక్కించే 6.3 వోల్టుల హీటర్ లైను మీద కాపలాగా. మన దగ్గర కరెంటు 245 వచ్చే రోజులు చాలా ఉన్నాయి. పాత సెట్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు 220 వోల్టుల ట్యాపింగు (ఆ వోల్టేజీకని చుట్టలోంచి తీసిన కొన) మీద ఇచ్చి ఉంటే హీటర్‌కి 7 వోల్టులు పోతాయి. పది శాతం పైన ఉంటే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. అలాంటి సెట్టు ఎన్నిసార్లు చేతికొచ్చిందో! ట్యాపింగు 240కి మార్చి ఇవ్వడమే.

మీటరు కంటే వైర్ల గురించి ఎక్కువ చెప్పాలి. 17బి ప్లస్‌తో వచ్చిన వైరుని ఆరో ఏట నేనే సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చుకున్నాను. తొందరపడి ఒక కొట్లో చవక వైర్లు కొన్నాను. వాటి మీద 1000 వోల్టులని అచ్చేసి ఉంది. 480 వోల్టుల దగ్గర పట్టుకుంటే వేళ్లకి చిమచిమ. విప్పి చూస్తే, చివర ప్లాస్టిక్ పిడిలో రాగి తీగ ఒక పక్కకి బయటికి తన్నుకొచ్చి ఉంది. అదే రోజు కత్తిరించి చెత్తబుట్టలో పడేసి, సిలికాన్ తొడుగువి తెచ్చుకున్నాను. ఇవి సోల్డరింగ్ ఐరన్ తగిలినా కాలవు. నల్ల వైరుకి క్రొకడైల్ క్లిప్ పెట్టి ఛాసిస్‌కి, అంటే యాంప్లిఫైర్ లోహపు చట్రానికి, తగిలించేస్తాను, ఇక పనంతా ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి జేబులో పెట్టుకోమని బాబాయి ఎప్పుడూ అనేవాడు. ఆయన కట్టుకునేది లుంగీ. జేబెక్కడుంది బాబాయ్ అంటే, "వీపెనక పెట్టుకోరా, అదీ జేబే" అనేవాడు.

స్విచ్ ఆపాక కూడా మీటరుకి పనుంటుంది. 100 మైక్రోఫారడ్‌ల కండెన్సర్‌లో 450 వోల్టులంటే 10 జౌల్‌ల శక్తి, చెయ్యి విసిరికొట్టడానికి చాలు. మీటరుని హెచ్‌టీకి తగిలించే ఉంచి, 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టెన్స్‌ని ఇన్సులేటెడ్ క్లిప్పులతో అడ్డంగా పెడతాను. ఐదారు సెకన్లలో అంకెలు దిగిపోతాయి. సున్నా దగ్గరికి రావడం కళ్లతో చూశాకే లోపల చెయ్యి పెడతాను. ఒక్కోసారి రెసిస్టెన్స్ తీసేశాక మళ్లీ నెమ్మదిగా పాతిక ముప్పై వోల్టులకి లేస్తుంది, పాత కండెన్సర్లకి ఆ అలవాటుంది.

ఈ ఎనిమిదేళ్లలో లోపలి చిన్న ఫ్యూజు ఒకసారి పోయింది, మిల్లీ యాంపియర్ల మీద మర్చిపోయి హెచ్‌టీకి పెట్టినందుకు. 440 మిల్లీ యాంపియర్లు, 1000 వోల్టులు కావాలంటే కోఠీలో కొట్టాయన గాజు ఫ్యూజు చేతిలో పెట్టి "ఏదైనా ఒకటే సార్, సైజు సరిపోతే చాలు" అన్నాడు. ఒకటి కాదు. 1000 వోల్టుల ఫ్యూజు లోపల ఇసుక నింపి ఉంటుంది, తీగ తెగినప్పుడు పుట్టే నిప్పు అందులో ఆరిపోతుంది. గాజు ఫ్యూజులో ఆ నిప్పే కొత్త తీగ అవుతుంది. చివరికి ఆన్‌లైన్లో రెండు తెప్పించుకుని, ఒకటి వేసి, రెండోది మీటరు వెనక టేపుతో అంటించాను. ఇంకా అక్కడే ఉంది.