నుమాయిషా, శిల్పారామమా, అపార్ట్‌మెంట్ టేబులా?

ఇంట్లో మిషను పెట్టుకుని సంచులు, పిల్లల గౌన్లు కుట్టేవాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఒకటే: "అక్కా, స్టాల్ ఎక్కడ పెడితే మేలు?" హైదరాబాద్ వరకు చెప్తాను.

అందరి కళ్లూ ముందు నుమాయిష్ మీద, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ మీద పడతాయి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి గ్రౌండ్‌లో ఇసకేస్తే రాలనంత జనం కదా! చాలామంది అక్కడ అద్దె దగ్గరే ఆగిపోతారు. నేనైతే కుట్టే చేతులెన్ని అని అడుగుతాను. లైనింగ్, జిప్పు ఉన్న బ్యాగు కటింగ్‌తో కలిపి గంటన్నర పని. వంటా వార్పూ చూసుకుంటూ రోజుకి నాలుగు కుడితే గొప్ప. నెలన్నర స్టాల్ నిండుగా కనబడాలంటే దసరా ముందు నుంచే కుట్టి అట్టపెట్టెల్లో దాచాలి. బట్ట మీద పెట్టిన డబ్బు అన్నాళ్లూ అందులోనే ఇరుక్కుంటుంది. పైగా రాత్రి పొద్దుపోయేదాకా స్టాల్లో కూర్చునేదీ మనమే అయితే ఇక మిషను తొక్కేదెవరు? మనిషిని పెడితే జీతం. పక్కన లక్నో చికన్ కుట్టుపని బట్టలు, కశ్మీరు శాలువాలు, టోకున దింపిన సరుకు. బేరమాడకుండా కొనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. నలుగురు కలిసి కుట్టేచోటైతే సరే, ఒంటి మిషనుకి మాత్రం వద్దంటాను.

చేతిపనుల స్టాళ్లుండే శిల్పారామం కొంత నయం. టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లు చేతిపని కోసమే వెతుకుతారు. కాకపోతే ఇలాంటి క్రాఫ్ట్ మేళాల్లో చాలాచోట్ల ఆర్టిజన్ కార్డు, అంటే చేతిపనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అడుగుతారు. లంబాడీ అద్దాల పనో, మగ్గం వర్కో వచ్చినవాళ్లకి అది దొరుకుతుంది, వాళ్లు తప్పకుండా ప్రయత్నించాలి. ఉత్త మిషను కుట్టుకి ఆ దారి కష్టం.

డ్వాక్రా బజార్లు, సరస్ మేళాలు మహిళా పొదుపు సంఘంలో ఉన్నవాళ్లకే. ఇన్‌స్టా అమ్మకాలంటారా, ఫోటోలు తీసే ఓపిక ఉంటే చేసుకోండి.

నా ఓటు అపార్ట్‌మెంట్ టేబుల్‌కే. ఆదివారం క్లబ్‌హౌస్‌లో ఒక బల్ల, క్యూఆర్ కోడ్, హ్యాంగర్లకి గౌన్లు. మిగతా ఆరు రోజులు కుట్టుకోవచ్చు. ఆ పూట గల్లా కాస్త పలచగానే ఉంటుంది, నిజమే. కానీ చంక దగ్గర బిగుతైందని గౌను పట్టుకొచ్చిన తల్లికి అక్కడికక్కడే కుట్టు విప్పి వదులు చేసిస్తే, మరుసటి వారం చెల్లెలి పిల్లకీ కావాలంటుంది. నుమాయిష్‌లో కొన్నవాళ్లు మళ్లీ ఎక్కడ కనబడతారు?

అసలు లాభం ఆ పరిచయాలతో వచ్చే తాంబూలం సంచుల ఆర్డర్లలో ఉంది. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి ఒక్కొక్కరు యాభై, వంద అడుగుతారు. 44 అంగుళాల పన్నా ఉన్న కలంకారీ మీటరులో, 8 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవు ముక్కలు సరిగ్గా పది వస్తాయి. మడిచి రెండు పక్కలా కుట్టి, పైన నాడా ఎక్కిస్తే అయిపోయింది. సైజుల గోల లేదు, అడ్వాన్సు ముందే వస్తుంది, మిగిలిపోయే సరుకూ ఉండదు. బట్ట మాత్రం ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయండి, రంగు దిగితే వ్రతం నాటి పట్టుచీరకి అంటుకుంటుంది.

ఈ శ్రావణానికే మొదలుపెట్టాలనుకుంటే ఆషాఢం రాకముందే అసోసియేషన్ వాళ్లతో మాట్లాడుకోండి. ఆలస్యమైతే బల్లలన్నీ చీరలవాళ్లు పట్టేస్తారు.