చోక్ పట్టేసిన పాత బోటు ఇంజన్: కడగడమా, కొత్తది బిగించడమా, చోక్ తీసేయడమా?

వేట నిషేధం ముగిసే జూన్ 14 దగ్గర పడుతుంటే మా తుమ్మలపెంట తీరంలో ఎటు వెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: ‘చోక్ పోయింది’. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పాకలో పడుకున్న ఇంజన్ తాడు ఎంత లాగినా అందుకోదు. అందుకున్నా, చోక్ లోపలికి నెట్టగానే ఊపిరి ఆగినట్టు ఆగిపోతుంది. అప్పుడు మూడు సలహాలు వస్తాయి. గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌ను విప్పి, కడిగి, అరిగే చిన్న భాగాల కిట్ వేయమని ఒకరు అంటారు. పాతదాన్ని పారేసి కొత్తది బిగించమని మరొకరు అంటారు. ఆ చోక్ రేకు ఊడబెరికి, అరచేత్తో మూసి స్టార్ట్ చేసుకోమని మూడోవారు చెబుతారు. ఈ మూడూ చేసి చూసినవాణ్ని కాబట్టి నా తీర్పు ముందే చెబుతాను: పది ఇంజన్లలో ఎక్కువ వాటికి కడగడమే మేలు. ఇదంతా పడవ వెనక బయట తగిలించే, పెట్రోలుతో నడిచే ఔట్‌బోర్డ్ ఇంజన్ల సంగతి. డీజిల్ ఇంజన్‌కు కార్బురేటరే ఉండదు.

అయితే ఏ సలహా పాటించాలన్నా ముందు తప్పు నిజంగా చోక్‌దేనా అని తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. కార్బురేటర్ నోటి దగ్గర ఇరుసు మీద తిరిగే గుండ్రటి రేకు చోక్. మనం పిడి లాగితే అది గాలి దారిని మూస్తుంది. గాలి తగ్గి పెట్రోలు పాలు పెరిగి, చల్లటి ఇంజన్ అందుకుంటుంది. మన ఎండల్లో దాని పని కొన్ని క్షణాలే. ఇంజన్ వేడెక్కాక రేకు పూర్తిగా తెరుచుకోవాలి.

పోయినేడు మా అల్లుడు పొద్దున్నే వచ్చాడు. “మామా, చోక్ లాగి ఉంచితేనే నడుస్తోంది, నెడితే ఆగిపోతోంది. చోక్ పాడైంది, కొత్త కార్బురేటర్ కొనేస్తాను” అన్నాడు.

“చోక్ లాగితే నడుస్తోందంటే చోక్ బాగానే పని చేస్తున్నట్టు కదా అబ్బాయ్” అన్నాను.

నిదానంగా ఆలోచిస్తే తెలుస్తుంది. చోక్ మూస్తేనే నడుస్తోందంటే, ఇంజన్‌కు అందవలసిన పెట్రోలు అందడం లేదు. గాలి తగ్గించి ఆ లోటును మనం కప్పిపుచ్చుతున్నాం. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క, అంటే జెట్, మూసుకుపోయి ఉండాలి, లేదా పెట్రోలు గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతుండాలి. అసలు చోక్ చెడితే లక్షణాలు వేరుగా ఉంటాయి. రేకు మూసినట్టే పట్టేస్తే నల్లటి పొగ వస్తుంది, పెట్రోలు వాసన కొడుతుంది, స్పార్క్ ప్లగ్ విప్పితే నల్లగా తడిగా కనబడుతుంది. రేకు తెరిచినట్టే పట్టేస్తే చల్లటి ఇంజన్ ఎంత లాగినా అందుకోదు, ప్లగ్ పొడిగా ఉంటుంది. ముందున్న మూత తీసి, పిడిని లాగుతూ నెడుతూ రేకు వైపు చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

సగం చోక్ మీద నడుపుతూ సముద్రంలోకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు భయం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి వెళుతుంది. పెట్రోలు తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. చోక్ కాస్త జరిగినా, జెట్ ఇంకాస్త మూసుకున్నా, నిండు వేగంలో పిస్టన్ పట్టేస్తుంది. పోయేది కార్బురేటర్ కాదు, ఇంజన్.

ఇక చోక్ రేకు తీసేయడం. అరచేత్తో మూసి చూడటం ఒడ్డు మీద మంచి పరీక్షే. చేయి అడ్డం పెడితే అందుకుని, తీస్తే ఆగిపోతే పెట్రోలు తక్కువైందని అర్థం. దాన్నే రోజూ చేసే పద్ధతిగా పెట్టుకోవడం వేరు. మనకు చాలా ఊళ్లలో రేవు లేదు. ఇసుక మీంచే పడవను నెట్టి, అలలు విరిగే చోటు దాటించాలి. ఆ నాలుగు అలల మధ్య ఇంజన్ వెంటనే అందుకోకపోతే పడవ అడ్డం తిరుగుతుంది. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కార్బురేటర్ నోరు పట్టుకుంటే పడవను ఎవరు చూసుకుంటారు? పైగా ఎదురు పేలితే పెట్రోలుతో తడిసిన చెయ్యి కాలుతుంది. ఈ సలహాను నేను ఎవరికీ ఇవ్వను.

కొత్త కార్బురేటర్ తప్పు మాట కాదు, తొందర మాట. పాత మోడళ్లకు కంపెనీ సరుకు దొరకడం కష్టం. దొరికేవి ఎక్కువగా నకళ్లు. బోల్టు రంధ్రాలు సరిపోతాయి గానీ, జెట్ రంధ్రం మన ఇంజన్‌కు సరిపోయేదో కాదో బిగించి నడిపితే గానీ తెలియదు. నేను ఒకసారి కొన్నాను. నెమ్మదిగా బాగానే తిరిగింది, వేగం పెంచితే ఊపిరి అందక దగ్గింది. చివరికి పాతదానిలోని జెట్లు తీసి అందులో వేశాను. అయినా కొన్నిసార్లు కొత్తదే దిక్కు. వేగం పెంచే రేకు, అంటే థ్రాటిల్, ఇరుసును వేళ్లతో పట్టి కదిపితే టకటక ఆడుతోందంటే దాని గూడు అరిగిపోయింది. అక్కడి నుంచి గాలి పీలుస్తూనే ఉంటుంది, ఎంత కడిగినా లాభం లేదు. ఉప్పుకు కార్బురేటర్ ఒళ్లే తెల్లటి పిండిలా రాలి, దాని కింద పెట్రోలు నిలిచే కప్పు అంచు సరిగా కూర్చోనప్పుడు కూడా అంతే.

కడగడం అంటే పెట్రోలులో ముంచి తీయడం కాదు. రెండు నెలలు కప్పులో నిలిచిన పెట్రోలు ఆవిరైతే ఆయిల్, జిగురు మిగులుతాయి. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది, పాత ఇంజన్ల రబ్బరును పాడుచేస్తుంది. అందుకే కడిగినప్పుడు కిట్‌లోని గాస్కెట్లు (అతుకుల్లో కారకుండా వేసే పొరలు), నీడిల్ (కప్పులోకి వచ్చే పెట్రోలును ఆపే సూది) కూడా మార్చాలి. కిట్ ఖర్చు కొత్త కార్బురేటర్ ధర ముందు చాలా తక్కువ.

అల్లుడి ఇంజన్‌ది అలాగే విప్పాం. చోక్ రేకు నిక్షేపంగా ఉంది. కప్పు అడుగున గోధుమ రంగు జిగురు, దాని పక్కన ఉప్పునీటి చుక్క ఎండిన మచ్చ. చిన్న జెట్‌ను ఎండకు ఎత్తి చూస్తే వెలుతురు రాలేదు, రంధ్రం అంచున ఆకుపచ్చటి చిలుము. ఇనుప తీగ పెట్టి పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్ కొట్టి, నానబెట్టి, వలకు వాడే సన్న నైలాన్ పోగును దూర్చాను. రెండోసారి అవతలికి వచ్చింది. మళ్లీ ఎత్తి చూస్తే సూది మొనంత వెలుగు కనబడింది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆగిపోతే ఈ చిన్న జెట్‌ను, వేగం పెంచినప్పుడు ఆగిపోతే పెద్ద జెట్‌ను ముందు అనుమానించాలి.

చోక్ రేకును ఇరుసుకు పట్టి ఉంచే ఇత్తడి స్క్రూలను కూడా చూడండి. అవి వదులై ఊడితే నేరుగా ఇంజన్ కడుపులోకి పోతాయి. ఇరుసు ఉప్పుతో బిగుసుకుంటే చుక్క నూనె వేసి అటూ ఇటూ మెల్లగా ఆడించాలి. పట్టకారుతో తిప్పితే రేకు వంగుతుంది.

బిగించాక ఇసుక మీద ఉత్తగా స్టార్ట్ చేయకండి. చల్లబరిచే నీరు లేకపోతే పంపులోని రబ్బరు చక్రం కాలిపోతుంది. మేం ఇంజన్ కింది కాలును నీళ్ల పీపాలో ముంచి స్టార్ట్ చేశాం. రెండో లాగుకే అందుకుంది. అల్లుడు చోక్ లోపలికి నెట్టి చెయ్యి తీశాడు, ఆగలేదు. కానీ పెట్రోలు గొట్టం మీదున్న రబ్బరు చేతి పంపు పిసికితే గట్టిపడాల్సింది మెత్తగానే ఉంది. గొట్టం వంచి చూస్తే సన్నటి పగుళ్లు. కొత్త కార్బురేటర్ కోసం తెచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆ సాయంత్రమే కావలి నుంచి గొట్టం, పంపు తెచ్చి మార్చాడు.