ఊఫర్‌కి తగ్గ ఆంప్: ఐదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

కారులో ఊఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్) పెట్టించుకోవాలనుకునే వాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లది తీసుకోవాలి?" అట్టపెట్టె మీద ఉన్న అంకె చూసి కొంటే దీనికి సరైన జవాబు దొరకదు. మా స్విఫ్ట్ డిక్కీలో పయొనీర్ టీఎస్-ఏ300డీ4 అనే 12 అంగుళాల ఊఫర్, దానికి అదే కంపెనీ జీఎం-డీ8701 మోనో ఆంప్ (ఒకే ఛానెల్ ఉన్న ఆంప్లిఫయర్) పెట్టి ఐదేళ్లు దాటింది. విశాఖ ఎండలో, సముద్రపు గాలిలో, రోజూ ఆఫీసుకి, పండక్కి శ్రీకాకుళానికి వాడిన బండి ఇది. ఊఫర్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) మాడలేదు, ఆంప్ ఒక్కసారీ ప్రొటెక్షన్‌లోకి వెళ్లలేదు, అంటే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోలేదు. బ్రాండ్ మంచిదే, కాదనను. కానీ ఇన్నాళ్లు నిలబడటానికి అసలు కారణం ఈ రెంటికీ జత కుదరడమే అని నా నమ్మకం.

ఊఫర్ మీద పెద్దగా కనిపించే అంకె 1500 వాట్లు. అది పీక్, అంటే క్షణకాలం తట్టుకోగలిగే గరిష్ఠం. లోపల కాగితంలో నామినల్, అంటే ఆగకుండా తట్టుకోగలిగేది, 500 అని ఉంటుంది, మనకి కావలసింది అది. ఆంప్ మీద పెద్ద అంకె 1600. దాని మాన్యువల్ తెరిస్తే మూడు అంకెలు కనిపిస్తాయి: 4 ఓమ్స్ (కరెంటుకి ఊఫర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) దగ్గర 300 వాట్లు, 2 ఓమ్స్ దగ్గర 500, 1 ఓమ్ దగ్గర 800. ఆంప్ ఒకటే. దానికి తగిలించిన ఊఫర్ ఎన్ని ఓమ్స్‌గా కనిపిస్తే దాన్నిబట్టి పవర్ మారిపోతుంది. అందుకే "నా ఆంప్ 800 వాట్స్" అని ఎవరైనా అంటే నేను వెంటనే అడిగేది "ఎన్ని ఓమ్స్ దగ్గర?" అనే.

ఈ ఊఫర్‌లో రెండు కాయిల్స్ ఉన్నాయి, ఒక్కోటి 4 ఓమ్స్. రెంటినీ పారలల్‌గా (పక్కపక్కన) కలిపితే 2 ఓమ్స్, సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే 8 ఓమ్స్. ఇంకో దారి లేదు. అంటే ఆంప్ మీద రాసిన 800 ఈ ఊఫర్‌కి ఎప్పటికీ అందదు, ఎందుకంటే దీన్ని 1 ఓమ్‌కి తేలేం. సిరీస్‌లో పెడితే ఆ ఆంప్ నుంచి 150 వాట్ల చుట్టుపక్కలే వస్తుంది. పారలల్‌లో పెడితే సరిగ్గా 500 వస్తుంది, ఊఫర్ అడిగేదీ 500. ఈ జత ఎంచుకోవడానికి నాకు వేరే కారణం అక్కర్లేకపోయింది.

మా బావమరిది కారులో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. షాపువాళ్లు అతనికి రెండు 2 ఓమ్స్ కాయిల్స్ ఉన్న ఊఫర్ అమ్మారు. దానికి పెట్టిన ఆంప్ 2 ఓమ్స్ కంటే తక్కువకి పనికిరాదు. అయినా కాయిల్స్ పారలల్‌గా కలిపేశారు, లోడ్ 1 ఓమ్‌కి దిగిపోయింది. ఇంట్లో తక్కువ సౌండ్‌లో బాగానే పాడేది. హైవే ఎక్కి వాల్యూమ్ పెంచితే పాట మధ్యలో బేస్ మాయమయ్యేది, ఆంప్ మీద ఎర్ర లైటు వెలిగేది. "బావా, ఆంప్ డిఫెక్ట్ పీస్ ఏమో, మార్పిస్తాను" అన్నాడు. ఆంప్‌లో లోపమేమీ లేదు. డిక్కీలో కూర్చుని పెట్టె వెనక టెర్మినల్స్ దగ్గర వైర్లు విప్పి, కాయిల్స్ సిరీస్‌లో కలిపాం. లోడ్ 4 ఓమ్స్ అయింది. పవర్ కొంచెం తగ్గినట్టు లెక్క, కానీ ఆ తర్వాత ఆంప్ ఆగిపోయింది లేదు. ఊఫర్ కొనేముందు కాయిల్ ఎన్ని ఓమ్స్‌దో చూసుకోవడం పవర్ చూసుకోవడం కంటే ముఖ్యమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇక ఆంప్ మీద ఉండే గెయిన్ నాబ్. చాలామంది దీన్ని వాల్యూమ్ నాబ్‌లా వాడతారు. అది వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ ఎంత ఉంటే ఆంప్ తన పూర్తి పవర్‌కి చేరాలి అన్నది నిర్ణయించేది. నేను సెట్ చేసిన పద్ధతి ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఊఫర్ వైర్లు ఆంప్ నుంచి ఊడదీసి, బేస్ బూస్ట్ (ఆంప్‌లో బేస్‌ని మాత్రమే పెంచే సెట్టింగ్) సున్నాలో, గెయిన్ అడుగున పెట్టాలి. ఇంజన్ ఆన్ చేసి, స్టీరియోలో 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, వాల్యూమ్ మనం మామూలుగా దాటని చోటుకి, సుమారు ముప్పావు వంతుకి తీసుకురావాలి. మల్టీమీటర్ ఏసీ వోల్టులలో పెట్టి ఆంప్ అవుట్‌పుట్ దగ్గర ఆనించి, కావలసిన వోల్టేజీ వచ్చేదాకా గెయిన్ మెల్లగా తిప్పాలి. ఆ వోల్టేజీ ఎంత అంటే పవర్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం కట్టాలి. 500ని 2తో గుణిస్తే 1000, దాని వర్గమూలం 31.6. నా ఆంప్ 31.6 వోల్టుల దగ్గర ఆగింది. నాబ్ సగం కూడా తిరగలేదు. మిగతా సగం ఖాళీగా ఉందని చూసి ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. తిప్పకండి.

మీటర్ వోల్టులు మాత్రమే చూపిస్తుంది, తరంగం తల తెగిందా లేదా చూపించదు. తరంగాన్ని తెర మీద చూపించే ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు ఎవరైనా తెలిసుంటే వాళ్లతో చూపించుకోవడం ఇంకా మంచిది. తల తెగడమే క్లిప్పింగ్. ఆంప్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగితే తరంగం పైన, కింద చదునైపోతుంది. పూర్తిగా చదునైన తరంగం అదే ఎత్తున్న మామూలు తరంగం కంటే రెట్టింపు పవర్ మోస్తుంది. ఆ అదనపు పవర్ అంతా కాయిల్‌లో వేడిగా మారుతుంది. ఊఫర్లు ఎక్కువగా చచ్చేది ఈ వేడికే. చిన్న ఆంప్ పెడితే ఊఫర్ పోతుందన్న మాట షాపుల్లో బాగా వినిపిస్తుంది, అందులో సగమే నిజం. 500 వాట్ల ఊఫర్‌కి 300 వాట్ల ఆంప్ పెట్టి, గెయిన్ సరిగ్గా ఉంచితే ఏమీ కాదు. సౌండ్ చాలట్లేదని నాబ్ చివరిదాకా తిప్పినప్పుడే ప్రమాదం.

బేస్ బూస్ట్ సంగతీ అంతే. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర నాలుగు రెట్ల పవర్ అడగడం. 500 వాట్ల ఆంప్‌ని 2000 అడిగితే ఎక్కడ నుంచి తెస్తుంది? నాది మొదటి నుంచీ సున్నాలోనే ఉంది.

అసలు 300కి, 500కి చెవికి తెలిసే తేడా ఎంత అంటారా? 2 డెసిబెల్స్ పైచిలుకు. శ్రద్ధగా వింటే తెలుస్తుంది, అంతే. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. సౌండ్ రెండింతలైందని మనకి అనిపించాలంటే పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి 500 వాట్ల సెట్ ఉన్నవాళ్లు 700 వాట్ల ఆంప్ కోసం డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బుతో డిక్కీ తలుపుకి, నంబర్ ప్లేటు వెనక అదురు ఆపే డ్యాంపింగ్ షీట్ అంటిస్తే ఎక్కువ లాభం. మా బండిలో నంబర్ ప్లేటు గడగడ ఆగాకే బేస్ శుభ్రంగా వినపడింది.

కరెంటు విషయానికొస్తే, నా ఆంప్ లాంటి క్లాస్-డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ సామర్థ్యం సుమారు 80 శాతం. 500 వాట్లు బయటికి రావాలంటే లోపలికి 625 వాట్లు వెళ్లాలి, 13.8 వోల్టుల దగ్గర అది 45 ఆంపియర్లు. పాటలో బీట్ పడినప్పుడే అంత లాగుతుంది, సగటు చాలా తక్కువ. అందుకే స్విఫ్ట్ లాంటి చిన్న పెట్రోలు కారు బ్యాటరీ, ఆల్టర్నేటర్‌తోనే నెట్టుకొస్తున్నాను. కానీ వైరు దగ్గర కక్కుర్తి పడలేదు: 4 గేజ్ మందం, పూర్తి రాగి. కిట్లలో చవగ్గా వచ్చేవి చాలావరకు రాగి పూత వేసిన అల్యూమినియం, అదే మందంలో రాగి మోసే కరెంటులో మూడింట రెండు వంతులకు మించి మోయలేవు. బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. నాది 60 ఆంపియర్లు. ఆ ఫ్యూజు ఆంప్‌ని కాపాడటానికి కాదు. బానెట్ నుంచి డిక్కీదాకా వెళ్లే వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే మంట రాకుండా ఉండటానికి.

ఈ ఐదేళ్లలో నాకు వచ్చిన ఒకే ఒక్క ఇబ్బంది ఎర్త్ దగ్గర, అంటే ఆంప్ నెగెటివ్ వైరుని కారు బాడీకి బోల్ట్‌తో బిగించిన చోట. మూడో వానాకాలం తర్వాత బేస్ కొంచెం కొంచెంగా పలచబడింది, ఆంప్ చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడెక్కేది. గెయిన్ కదిలిందేమో చూస్తే లేదు. బేస్ గట్టిగా మోగుతుండగా మీటర్ ఒక కొసని ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కి, ఇంకో కొసని కారు బాడీలో శుభ్రమైన ఇనుముకి ఆనించాను. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది, అర వోల్టు దాటి ఊగుతోంది. కార్పెట్ ఎత్తి బోల్ట్ విప్పితే రింగు కింద గోధుమరంగు పొడి రాలింది. మా దగ్గర ఉప్పుగాలి గేటు బోల్టులనే వదలదు, రంగు గీకేసిన చోటుని వదులుతుందా? సాండ్ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాజిలిన్ రాశాను. బేస్ ఆ సాయంత్రానికే తిరిగొచ్చింది. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు ఏడాదికోసారి ఈ బోల్ట్ తప్పక చూసుకోవాలి.

ఊఫర్ బిగించిన పెట్టె గురించి క్లుప్తంగా చెప్తాను. నాది సీల్డ్ (అన్నివైపులా మూసిన) పెట్టె, 1.25 ఘనపుటడుగులు, అంటే సుమారు 35 లీటర్లు. పోర్టెడ్ (గాలి ఆడే గొట్టం ఉన్న) పెట్టె అయితే ఇదే పవర్‌కి ఎక్కువ మోగుతుంది, కానీ ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీకి (ఆ గొట్టం మోగే ఫ్రీక్వెన్సీకి) కింద కోన్‌ని పట్టుకునే గాలి ఒత్తిడి ఉండదు. మరీ కింది ఫ్రీక్వెన్సీలని కోసేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ లేకపోతే 500 వాట్ల ఊఫర్ 300 వాట్లకే హద్దు దాటి ఊగిపోవచ్చు. సీల్డ్ పెట్టెలో ఆ టెన్షన్ లేదు. 80 హెర్ట్జ్‌కి పైవి కోసేసిన బేస్‌లో తబలా డగ్గా జారుడు విడిగా తెలుస్తుంది. డప్పు దెబ్బ పడి ఆగిపోతుంది, వెనక గుయ్ మని సాగదు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దాకా వెళ్తుంది, అదీ నిండుగా పలుకుతుంది. ఇంకా కిందికి, సీటు కదిలించే బేస్ కావాలనుకునేవాళ్లకి ఈ సెట్ సరిపోదు. వాళ్లు పోర్టెడ్‌కే వెళ్లాలి.

కంపెనీ స్టీరియో మార్చకుండా, నలుగురు కూర్చునే కారులో శుభ్రమైన బేస్ కావాలంటే ఇది నిక్షేపంలాంటి జత, మళ్లీ కొనాల్సొస్తే ఇదే కొంటాను. ఒంటరిగా ఆఫీసుకి వెళ్లొచ్చే వాళ్లకి, డిక్కీలో సామాను స్థలం వదులుకోలేని వాళ్లకి మాత్రం సీటు కింద పట్టే, ఆంప్ లోపలే ఉన్న 8 అంగుళాల ఊఫర్ చాలు. దానికి ఓమ్స్ లెక్క కంపెనీయే చేసి పెడుతుంది, మనం చూసుకోవాల్సింది వైరు, ఫ్యూజు, ఎర్త్ మాత్రమే.