కాలేయ క్యాన్సర్ నివారణకు సహజ పదార్థమా, కృత్రిమ ఔషధమా: ఏది మేలు?

తేమ తగిలిన వేరుశెనగకూ మొక్కజొన్నకూ పట్టే బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవారిలో ఆ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఈ విషం అచ్చంగా ప్రకృతి సిద్ధమైనదే కనుక, సహజమైనదంతా మేలు చేస్తుందనే నమ్మకాన్ని ఇక్కడే పక్కన పెట్టవచ్చు.

అఫ్లాటాక్సిన్‌పై రెండు రకాల మందులనూ పరీక్షించిన చోటు చైనాలోని చీదొంగ్. మొదటిది ఓల్టిప్రాజ్, నత్తల ద్వారా వ్యాపించే పరాన్నజీవి వ్యాధికి వాడిన కృత్రిమ ఔషధం. ఇది విషాన్ని కాలేయంలో నిర్వీర్యం చేసే ఎంజైములను పెంచుతుంది. 1995లో 234 మందిపై జరిపిన పరీక్షలో, వారానికి 500 మిల్లీగ్రాములు తీసుకున్నవారి మూత్రంలో అఫ్లాటాక్సిన్ ఎం1, అంటే శరీరంలో ఆ విషం మారిన రూపం, 51 శాతం తగ్గింది. అయితే కొందరికి వేలి కొనల్లో తిమ్మిరి వచ్చింది.

రెండవది క్లోరోఫిల్లిన్. ఆకుపచ్చని పత్రహరితం నుంచి తయారైనా, అందులోని మెగ్నీషియం స్థానంలో రాగిని చేరుస్తారు కాబట్టి దీనిని సగం సహజం, సగం కృత్రిమం అనాలి. ఇది పేగులోనే విషాన్ని పట్టి ఉంచి రక్తంలోకి చేరనివ్వదు. 180 మంది పాల్గొన్న పరీక్షలో రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు నెలలు వాడినవారిలో, డీఎన్ఏకు జరిగిన హానిని సూచించే పదార్థం మూత్రంలో 55 శాతం తగ్గింది. చెప్పుకోదగిన దుష్ప్రభావాలు కనబడలేదు. పూర్తిగా సహజమైన బ్రోకలీ మొలకల కషాయాన్ని 200 మందిపై పరీక్షించినప్పుడు మాత్రం, దానిలోని పదార్థాన్ని ఒక్కొక్కరి శరీరం ఒక్కో మోతాదులో గ్రహించడంతో రెండు బృందాల మధ్య తేడా తేలలేదు.

ఈ మూడింటిలో నేను క్లోరోఫిల్లిన్‌వైపే మొగ్గుతాను. అయినా ఈ పరీక్షలన్నీ మూత్రంలోని గుర్తులను కొలిచినవే తప్ప, ఎంతమందికి క్యాన్సర్ రాకుండా పోయిందో లెక్కించినవి కావు. ఆ లెక్క కావాలంటే లామివుడిన్ అనే కృత్రిమ ఔషధాన్ని చూడాలి: హెపటైటిస్ బి వల్ల కాలేయం ముదిరి దెబ్బతిన్న 651 మందిపై జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో, మందు తీసుకోనివారిలో 7.4 శాతానికి క్యాన్సర్ రాగా, తీసుకున్నవారిలో 3.9 శాతానికే వచ్చింది. వైరస్ ఉన్నవారికి ఇంతకు సాటి వచ్చే మొక్కల సారమేదీ లేదు. పసుపు మాత్రలను మిరియాల సారంతో కలిపి మింగినవారిలో కొందరికి కాలేయమే దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఇది వర్తించదు.

చీదొంగ్‌లో 1980ల నుంచి జనం మొక్కజొన్న తగ్గించి వరి అన్నానికి మళ్లాక అఫ్లాటాక్సిన్ బాగా పడిపోయింది, కాలేయ క్యాన్సర్ మరణాలూ తగ్గాయి. వేరుశెనగ విరివిగా పండే అనంతపురంలో గానీ, దానిని చట్నీకి వాడే మన ఇళ్లలో గానీ మొదట చేయవలసింది ఇదే కోవలోది: కాయలను బాగా ఎండబెట్టి, ముడుతలు పడిన, రంగు మారిన, బూజు పట్టిన పప్పులను ఏరి పారేయాలి, ఎందుకంటే వేయించినా ఈ విషం పూర్తిగా పోదు.